ఎదుగుదలకు వదిలిన గుడ్డ

"నిక్కరు తెచ్చారా? ప్యాంటుతో కొలవకూడదమ్మా, కాళ్ళు కనబడాలి" అంది కొత్త ఫిజియో అమ్మాయి. తేలేదని చెప్పడానికి తల్లి నోరు తెరిచింది. అంతలో పిల్లవాడే "సంచిలో ఉంది, మా అమ్మ ఎక్కడికెళ్ళినా ఒకటి ఎక్కువే తెస్తుంది" అన్నాడు గొప్పగా. ఎనిమిదేళ్ళవాడి గొప్ప. ఆ అమ్మాయి నవ్వి, నిక్కరు అందుకుని, వాడి భుజం పట్టుకుని లోపలికి నడిపించుకుపోయింది. "గంట పడుతుంది. మీరుంటే మీ మొహం చూసి గారాలు పోతాడు, బయట కూర్చోండి." తలుపు మూసుకుంది.

ఆమె నడవాలో బల్ల మీద కూర్చుంది. ఇప్పుడు వాడి ప్యాంటు విప్పుతుంటారు. నడుము దగ్గర బొత్తాం తీస్తారు, కిందికి లాగుతారు, మోకాలి దగ్గర కాస్త మొరాయిస్తుంది, ఎందుకు మొరాయిస్తోందా అని ఆ అమ్మాయి వేలు పెట్టి చూస్తుంది, చూస్తే చాలు, చేతికి తగులుతుంది, నడుము పట్టీ నుంచి తొడ ముందువైపుగా, మోకాలిచిప్ప మీదుగా, పిక్క మొదలు దాకా, అస్తరు కింద నాలుగు వేళ్ళ వెడల్పు ఎలాస్టిక్కు, రెండు పొరలు. మోకాలు మడిస్తే సాగుతుంది. లేవబోతే లాగుతుంది. బయటికి ఏమీ కనబడదు. బయటికి కనబడకుండా కుట్టడమే కదా తన పని, పదిహేనేళ్ళుగా అదే కదా, ఆవిడ చేయి పడితే బానపొట్ట వాడికీ పొట్ట ఉండదు, గూనివాడికీ గూని ఉండదు అనేగా వీధి వీధంతా తన దగ్గరికే రావడం. దాచిపెట్టడం దర్జీకి తప్పు కాదు. దాచమనే వస్తారు. ఒక భుజం పైకి ఉంటే రెండో భుజంలో కాస్త దూది పెడుతుంది, పెట్టినట్టు ఆ మనిషికి కూడా చెప్పదు, అతను అద్దంలో చూసుకుని నా భుజాలు బాగానే ఉన్నాయే అనుకుంటాడు, అనుకోనీ. ఎవరికి నష్టం?

ఎదురుగా గోడ మీద గడియారం. దాని సెకన్ల ముల్లు నడవదు, గెంతుతుంది, గెంతిన ప్రతిసారీ కొంచెం వణుకుతుంది. లోపల ఇంకో గడియారం ఉంది, బొటనవేలితో నొక్కితే కీచుమనేది. మొదట నేల మీద వెల్లకిలా పడుకోబెడతారు. "లే" అంటారు. కీచు. నిలబడ్డాక మళ్ళీ కీచు. తర్వాత పది మీటర్ల నడక. తర్వాత నాలుగు మెట్లు. ఆఖర్న ఆరు నిమిషాలు అటూ ఇటూ నడిపిస్తారు. అన్నిటికంటే మొదటిదే ముఖ్యమని డాక్టరమ్మ చెప్పింది, నేల మీద నుంచి లేవడానికి పట్టే సెకన్లు. ఆ సెకన్లు ఆర్నెల్లకోసారి కొలిచి గళ్ళ కాగితం మీద చుక్క పెడితే, చుక్కలన్నీ కలిపితే, ఆ గీత ఎటు పోతోందో చూసి పిల్లవాడు ఎన్నాళ్ళు నడుస్తాడో సుమారుగా చెప్పవచ్చునట. "ఇది లెక్క అమ్మా, జాతకం కాదు" అంది. జాతకమైతే నయం, తప్పవచ్చు.

వాడు లేచే తీరు వాడికే సొంతం. ముందు బోర్లా తిరుగుతాడు. నాలుగు కాళ్ళ మీద నిలుస్తాడు. అక్కడినుంచి చేతులు మడమల మీద, పిక్కల మీద, మోకాళ్ళ మీద, తొడల మీద ఒకదాని తర్వాత ఒకటి ఆనిస్తూ తన ఒంటి మీద తానే చెట్టెక్కినట్టు ఎక్కి, చివరికి నడుము వెనక్కి విసిరి నిలబడతాడు. ఇంట్లో దానికి కొండెక్కడం అని పేరు పెట్టారు. వాళ్ళ నాన్న నీళ్ళ పంపుహౌసులో ఆపరేటరు, డ్యూటీ దిగి వచ్చాక వాడి పక్కన తనూ నేల మీద బోర్లా పడి, "చూద్దాం రా, ఎవరు ముందు కొండెక్కుతారో" అని మూలుగుతూ కావాలని ఓడిపోయేవాడు. బడిలో ఎవరూ ఓడిపోరు. వాడు పడ్డప్పుడల్లా తరగతి పిల్లలు చుట్టూ చేరి గట్టిగా లెక్కపెట్టేవారు, ఒకటి, రెండు, మూడు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు, లెక్కపెట్టేవారు, అంతే. ఒకరోజు సంచి దించకుండానే చెప్పాడు. "అమ్మా, ఇవాళ తొమ్మిదిదాకా వచ్చింది." ఏడవలేదు. రేపు పది దాటకూడదు కదా అన్నట్టు చెప్పాడు. మర్నాడు వాడు బడికి పోయాక ఆమె ఎలాస్టిక్కు చుట్ట తీసింది. మూడు రోజులు మూడు రకాలుగా కుట్టి విప్పింది. నాలుగో రోజు వాడు మెట్ల కింది నుంచే కేకేశాడు. "అయిదే అమ్మా! అయిదుకే లేచా!"

ఆ ఒక్క కేక కోసం ఇంకెన్ని ప్యాంట్లయినా కుట్టేది.

"కాళ్ళెత్తమ్మా, తుడుస్తున్నా." ఆయా. బకెట్టూ గుడ్డా. ఆమె కాళ్ళు బల్ల మీదికి లాక్కుంది, ఎంత తేలిగ్గా లేచాయి ఈ కాళ్ళు, అడగకుండానే, అనుకోకుండానే. "మీ పిచ్చిక లోపలున్నాడా? పోయినసారి నాతో పందెం వేశాడు, నేల మీద కూర్చుని ముందెవరు లేస్తారో అని. నా మోకాళ్ళు టకటకమన్నాయి గానీ వాడు జుయ్యిమని లేచాడు. ముసలిదాన్ని ఓడించావురా అంటే, ఓడిపోతే బాధపడకు ఆయమ్మా, నువ్వు కూడా మా అమ్మతో ప్యాంటు కుట్టించుకో అన్నాడు. ఏం నోరమ్మా వాడిది!" ఆయా నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వడానికి మొహంలో ఏయే కండరాలు కదలాలో ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుని. వాడు చెప్పాడు. దాచమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆర్నెల్ల కిందే ఆయాకు చెప్పాడు. ఆయాకు జోకుగా వినబడింది.

పిచ్చిక. ఆ పేరు తన అమ్మ పెట్టింది, వాడి అమ్మమ్మ. రెండేళ్ళప్పుడు వాడు మడమలు నేలకానించకుండా మునివేళ్ళ మీద గెంతినట్టు నడుస్తుంటే, "అచ్చం పిచ్చికలా ఉన్నాడే" అంది. అని, నవ్వుతున్న నోరు అలాగే ఉండిపోయి, లేచి వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఏం చేస్తున్నావమ్మా అంటే ఏమీ లేదు, గిన్నెలు అంది. గిన్నెల చప్పుడు లేదు. అప్పుడే తెలిసిందా అమ్మకు? తెలిసే ఆ పేరు మార్చకుండా అదే పిలుస్తూ పోయిందా, ఇంకేదో పేరుతో పిలిస్తే నిజమైపోతుందని?

అన్నయ్య కూడా మునివేళ్ళ మీదే నడిచేవాడు. తనకు ఆరేళ్ళు, వాడికి పది. అరుగు మీద నిలబడ్డాడు. జరగరా అంది. జరగలేదు. తోసింది, గట్టిగా కాదు, రెండు వేళ్ళతో, తలుపు తోసినట్టు. తొడ ఎముక విరిగింది. కట్టు విప్పాక మళ్ళీ నడవలేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. పడ్డాడు, అప్పటినుంచి ఇంతే, అని చుట్టాలకు చెప్పేవారు, ఎవరు తోశారో చెప్పకుండా, చెప్పకపోవడమే ముప్పై ఏళ్ళు చెవిలో మోగింది. పందొమ్మిదేళ్ళకు వాడు పోయినప్పుడు కూడా ఆ రెండు వేళ్ళనే చూసుకుంటూ కూర్చుంది. ఆ వేళ్ళతోనే సూది పట్టింది. ఆ వేళ్ళతోనే మొదటి కత్తిరింపు నేర్చుకుంది, అమ్మ దగ్గర, అన్నయ్య ప్యాంటు మీదే. "కూర్చునేవాడికి కొలత వేరే. వెనక ఎక్కువ వదలాలి, ముందు తగ్గించాలి, లేకపోతే పొట్ట మీద గుడ్డ కుప్పపడుతుంది. వెనక జేబులు పెట్టకు, ఒరుసుకుంటాయి." నిలబడేవాళ్ళకు కుట్టడం తర్వాత నేర్చుకుంది. మామూలు మనుషులది అంత తేలికా అని అప్పుడు ఆశ్చర్యపోయింది.

తర్వాత ఈ ఆసుపత్రిలోనే డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం ముందు పెట్టి చెప్పింది. మీ అన్నయ్యది పడటంవల్ల వచ్చింది కాదమ్మా, ఇదే కండరాల జబ్బు అయ్యుంటుంది, పడినా పడకపోయినా ఏడాది అటూ ఇటూ ఆగిపోయేవాడే. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వస్తుంది, మీ అమ్మగారి నుంచి మీకు, మీ నుంచి బాబుకు. ఒక్క నిమిషం గుండె మీద నుంచి బండరాయి దిగింది. ఒకే ఒక్క నిమిషం. ముప్పై ఏళ్ళ నేరం కొట్టేసి, అదే కాగితం మీద, అదే సిరాతో, ఇంకో నేరం మోపారు. తోసిన రెండు వేళ్ళది కాదు, ఒళ్ళంతటిదీ.

లోపలినుంచి "సిద్ధమా పిచ్చికా? లే!" కీచు.

ఒకటి. రెండు. మిషను తొక్కేటప్పుడు కుట్లు లెక్కపెట్టే అలవాటుతో ఆమె పెదవులు కదిలాయి. ఇప్పుడు బోర్లా తిరుగుతున్నాడు. మూడు. మోచేతులు. నాలుగు. గట్టిగా లెక్కపెట్టే పిల్లలు లోపల లేరు, తనే ఉంది బయట, తనే ఆ తరగతి మొత్తం. అయిదు. అయిదుకే లేచా అమ్మా. ఆరు. ఏదో జారిన చప్పుడు, అరచెయ్యి చెమటకు జారి ఉంటుంది, మోకాలి మీద చెయ్యి నిలవడం లేదు, అక్కడ ఎలాస్టిక్కు లేదు, వట్టి చర్మం. ఏడు. ఎనిమిది. ఆయా గుడ్డ పిండింది, బకెట్టులో నీళ్ళు పడిన చప్పుడు, ఆగవే, ఆగు. తొమ్మిది. పది. పది దాటకూడదు కదా. పదకొండు. కీచు.

తర్వాత ఆ అమ్మాయి గొంతు, చాలా మెత్తగా, "ఇంకోసారి చూద్దామా?" వాడి గొంతు, "నా ప్యాంటు వేసుకుని చూద్దాం."

అయితే తెలిసిపోయింది. తెలియనీ. మంచిదే. కాదు, మంచిది కాదు. పోయినసారి ఆ ప్యాంటుతోనే తీసుకొచ్చింది, వాడు విప్పనని మొండికేశాడు, అప్పటి ఫిజియో పెద్దాయన ఆ నెలలోనే ఉద్యోగం నుంచి దిగిపోతున్నాడు, పోనీలే అన్నాడు. మొదటిసారి ఆరున్నర ఉన్నది అయిదుకి వచ్చింది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మందు ఇంత బాగా పనిచేయడం అరుదు అంది, ఇదే మోతాదు ఉంచుదాం అంది, గళ్ళ కాగితం మీద గీత గీసి పన్నెండు, పదమూడేళ్ళ దాకా నడుస్తాడు అంది. అప్పుడు చెప్పవలసింది. ఎందుకు చెప్పలేదు? భయపడా? కాదు. అన్నిటికంటే సిగ్గుపడవలసింది అదే. చెప్పకపోవడం కాదు, నమ్మింది. తను కొన్న ఎలాస్టిక్కు, తను వేసిన కుట్టు, తన చేతులతో చేసినదాన్ని ఆ గదిలో ఆ రెండు నిమిషాలు తనే మరిచిపోయింది, వాడు నిజంగానే బాగుపడుతున్నాడని ఏడ్చింది కూడా, భుజంలో దూది పెట్టించుకున్నవాడు అద్దం ముందు నిలబడి నా భుజాలు బాగానే ఉన్నాయే అనుకున్నట్టు. తర్వాత వీధిలోకి వచ్చాక గుర్తొచ్చింది. అప్పటికి వాడి నాన్నకు ఫోను చేసేసింది.

ఆయన ఆ రోజు ఎంత నవ్వాడు. వాళ్ళది రెండో అంతస్తు, ముప్పై ఆరు మెట్లు, లిఫ్టు లేదు. పంపుహౌసు వాళ్ళ ఇళ్ళలో కింది అంతస్తుది ఒకటి ఖాళీ అయితే, పిల్లవాడి సంగతి తెలిసి ఆఫీసరుగారు ముందు ఈయన్నే అడిగారు. రెండు వారాలు గడువిచ్చారు. ఈయన వెళ్ళి తోటి ఆపరేటరుతో, "మావాడింకా అయిదేళ్ళు మెట్లెక్కుతాడోయ్, మీ నాన్నకే మోకాళ్ళ నొప్పులు, నువ్వు తీసుకో" అని దానం చేసి వచ్చాడు. ఇంటికొచ్చి, "నడిచేవాడిని ముందే కూర్చోబెడతామా ఏంటి, కింద దోమలు కూడా ఎక్కువ" అన్నాడు. ఆమె మిషను తొక్కుతూనే ఉంది. ఆపితే చెప్పాల్సి వస్తుందని ఆపలేదు. గుడ్డ అయిపోయింది, వట్టి సూది కిందికీ పైకీ ఆడుతూనే ఉంది. అప్పటినుంచి ఆ మెట్లు. ఎక్కడం కంటే దిగడమే కాళ్ళను తినేస్తుందట, తర్వాత తెలిసింది. వేసవి దాటాక వాడు కటకటాలు పట్టుకుని పక్కవాటుగా దిగేవాడు, ఆ తర్వాత కూర్చుని ఒక్కో మెట్టు జారేవాడు, ఆట అనేవాడు, ఆటే అంది. ఎలాస్టిక్కు వదులైంది అనుకుని ఇంకో పొర వేసింది. వదులైంది ఎలాస్టిక్కు కాదు.

ఎదిగే పిల్లల బట్టలకు లోపల మడత వదలాలి. ఏడాదికి రెండంగుళాలు. మనిషిని చూసి చెప్పేస్తుంది, వీడు తండ్రిలా పొడుగవుతాడు, మూడంగుళాలు వదులుదాం, ఈ పిల్ల ఆగిపోయింది, అంగుళం చాలు. ఎప్పుడూ తప్పలేదు, తల్లులు ఏడాది తర్వాత మడత విప్పించుకోవడానికి వచ్చి ఆశ్చర్యపోయేవారు. వీడి ప్యాంట్లకు మూడేసి అంగుళాలు వదిలింది. మొహం ఉబ్బించే ఆ మందు మొదలయ్యాక వాడు పొడుగవలేదు. మడతలన్నీ వేసినవి వేసినట్టే ఉన్నాయి, గీత కూడా చెదరలేదు. పెరిగినవి పిక్కలు మాత్రమే. కొలతల పుస్తకంలో నాలుగేళ్ళప్పుడు తొమ్మిదంగుళాలు, అయిదేళ్ళప్పుడు పదిన్నర, దాని పక్కన తనే రాసుకుంది, ఎర్ర పెన్సిలుతో, "పహిల్వాన్!" అని. వీధిలో అందరికీ చూపించింది ఆ పిక్కలు. పట్టుకుని చూడండి, రాయిలా ఎలా ఉన్నాయో. కండ చచ్చిపోతూ ఉంటే కొవ్వూ పీచూ చేరి అలా గట్టిపడతాయని ఎవరికి తెలుసు. కొలిచింది. రాసింది. దిష్టి తగలకూడదని కూడా అనుకుంది.

తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి చేతిలో మడత పెట్టిన ప్యాంటు. కోపం ఉంటుందేమోనని చూసింది. లేదు.

"ఇది మీరే కుట్టారా?"

"నేనే."

"ఎక్కడా నేర్చుకోకుండా?" ఆ అమ్మాయి మోకాలి దగ్గర వేలితో నొక్కి చూసింది. "మేం తెప్పించే పట్టీలు కూడా ఇంత బాగుండవు." ఆమెకు చెంపదెబ్బ తిన్నట్టయింది. తిడితే బాగుండేది. తిట్టుకు తల వంచుకోవచ్చు, మెచ్చుకోలుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలి? "డాక్టరమ్మ పిలుస్తున్నారు. బాబుని కాసేపు ఇక్కడ కూర్చోబెడతాను, అలసిపోయాడు."

లోపల డాక్టరమ్మ ముందు గళ్ళ కాగితం. మూడు చుక్కలు. ఆరున్నర, అయిదు, పదకొండు. మధ్యది కింద గోతిలో పడినట్టుంది. అడగకముందే ఆమె చెప్పింది, మొత్తం చెప్పింది, లెక్కపెట్టే పిల్లల గురించి, రెండు పొరల గురించి, ఖాళీ సూది గురించి కూడా. డాక్టరమ్మ రబ్బరు తీసి మధ్య చుక్కను చెరిపేసింది. పూర్తిగా పోలేదు, బూడిదరంగు మచ్చ మిగిలింది. రెండే చుక్కలు. వాటి మీద స్కేలు పెట్టి గీత గీసింది. గీత నిటారుగా పైకి, మెట్టుమెట్టుగా కాదు, ఆగకుండా.

"తప్పంతా మీది కాదు. ప్యాంటు విప్పించకపోవడం మాది" అంది డాక్టరమ్మ. "ఆ కొలతే సరైనదైతే మందు మోతాదు అప్పుడే మార్చి చూసి ఉండేవాళ్ళం. దానివల్ల కొన్ని నెలలు కలిసేవేమో, కలిసేవి కావేమో, ఎవరూ చెప్పలేరు."

కొన్ని నెలలు. ఎన్ని? నాలుగా? నాలుగు నెలలంటే ఎన్ని ఉదయాలు, ఎన్నిసార్లు తలుపు తీయడానికి వాడే పరుగెత్తినట్టు నడిచి వస్తాడు. అడగలేదు.

"ఈ లెక్క ప్రకారం ఎన్నాళ్ళో చెప్పనా? మీకు వినాలనుంటేనే."

ఆమె తల ఊపింది. ఎటు ఊపిందో తనకే తెలియలేదు. డాక్టరమ్మ చెప్పింది. "వచ్చే వేసవి దాకా. ఏడాది నిండకపోవచ్చు. కింది అంతస్తు ఇల్లు చూసుకోండి." సంచిలో ఫోను అదిరింది, ఆగింది, మళ్ళీ అదిరింది. పంపుహౌసు నుంచి ఆయన. ఏమన్నారే, అదే అయిదా, ఇంకా తగ్గిందా అని అడుగుతాడు. తీయలేదు. తీస్తే ఆయన నవ్వుతున్న గొంతు వినాలి, అది ఆఖరిసారి అని తనకు తెలిసి, ఆయనకు తెలియకుండా.

నడవాలోకి వచ్చింది. పిల్లవాడు నిక్కరుతో బల్ల మీద కూర్చున్నాడు, ఒళ్ళో ప్యాంటు, కాళ్ళు నేలకు అందక వేలాడుతున్నాయి, ఆ రాతి పిక్కలు. "వాళ్ళు ప్యాంటు లేకుండా కొలిచారమ్మా. అందుకే పదకొండు వచ్చింది. అది లెక్కలోకి రాదు కదా?" ఆమె వాడి పక్కన కూర్చుంది. చెయ్యి సంచిలోకి పోయింది, ఫోను కోసం అనుకుంది, టేపు బయటికి వచ్చింది. వాడు టేపు చూడగానే అలవాటు ప్రకారం ప్యాంటు పక్కన పెట్టి, రెండు అరచేతులూ బల్లకు ఆనించి, పళ్ళు బిగించి, నడుము ఎత్తబోయాడు. పుట్టినప్పటినుంచి అమ్మ కొలత తీస్తే నిలబడాలి.

"కొత్త ప్యాంటా? నిలబడనా?"

వాడి భుజం మీద చెయ్యి వేసింది. రెండు వేళ్ళు. తోయలేదు, ఆపింది.

"వద్దు నాన్నా. కూర్చునే ఉండు" అని, వాడి నడుము వెనక నుంచి బల్ల చెక్క దాకా టేపు పట్టింది. వెనక ఎక్కువ వదలాలి.